ఆర్వీలో (చక్రాల ఇంట్లో) కాపురం పెట్టాలనుకుంటున్నాం – లాభాలు వద్దు, నష్టాలే చెప్పండి

అద్దెకొంప
డాలస్ పక్కన ఫ్రిస్కోలో అపార్ట్‌మెంటు లీజు జూన్‌లో అయిపోతోంది, అద్దె మళ్ళీ పెంచారు. ఇద్దరివీ రిమోట్ ఉద్యోగాలే. 30 అడుగుల ట్రావెల్ ట్రైలర్ (ట్రక్కు వెనక తగిలించి లాగేది) ఒకటి, 2021 మోడల్, సెకండ్ హ్యాండ్‌లో చూసి పెట్టాం. లాగడానికి హాఫ్ టన్ పికప్ ట్రక్కు ఉంది. నాలుగేళ్ళ పాప. సెప్టెంబర్ నుంచి ఆరు నెలలు అత్తగారు, మామగారు వచ్చి ఉంటారు. నెలకో ఊరు తిరుగుతూ పని చేసుకుందామని ప్లాను. వీడియోల్లో అందరూ కొండలూ చెరువులే చూపిస్తున్నారు, ట్యాంకు ఖాళీ చేయడం ఎవరూ చూపించట్లేదు. అందుకే తెలిసినవాళ్ళని అడుగుతున్నా. ఎక్కడెక్కడ దెబ్బ తగులుతుందో చెప్పండి. "లైఫ్ ఒక్కటే బ్రో" మాత్రం అనొద్దు.

గోదారోడు
లైఫ్ ఒక్కటే బ్రో.

నైట్_షిఫ్ట్
30 అడుగుల్లో అత్తమామలతో ఆరు నెలలు. నష్టాల లిస్టు ఇక్కడితో పూర్తయింది, థ్రెడ్ మూసేయొచ్చు.

రోడ్డుమీద_రాజు
ట్యాంకులతో మొదలెడదాం, ఎలాగూ నువ్వే అడిగావు.

ఆ సైజు ట్రైలర్‌కి మామూలుగా మంచినీళ్ళ ట్యాంకు 40 గాలన్లు, గ్రే ట్యాంకు 30–40, బ్లాక్ ట్యాంకు 30 గాలన్లు ఉంటాయి. గ్రే అంటే స్నానం, సింకు నీళ్ళు. బ్లాక్ అంటే ఏంటో చెప్పక్కర్లేదు. ఐదుగురు మనుషులు, మన అలవాటు ప్రకారం నీళ్ళు వాడేవాళ్ళు. ఒక్కోసారికి ఫ్లష్‌కి, కడుక్కోడానికి కలిపి ముప్పావు గాలన్ వేసుకో. మనిషికి రోజుకి 4–5 సార్లంటే మూడు గాలన్లు పైమాటే. ఐదుగురికి 15. అంటే రెండో రోజు రాత్రికి బ్లాక్ ట్యాంకు నిండిపోతుంది. గ్రే ఇంకా ముందే నిండుతుంది.

ఆర్వీ పార్కులో (బండ్లు అద్దెకి నిలుపుకునే చోటు) సీవర్ కనెక్షన్ ఉంది కదా అని చాలామంది బ్లాక్ వాల్వు తెరిచి వదిలేస్తారు. ఎప్పుడూ చేయకూడని పని అది. నీళ్ళు ఎప్పటికప్పుడు జారిపోతాయి, గట్టిది అడుగున నిలబడి గుట్టలా పేరుకుని ఎండిపోతుంది. ఆ తర్వాత దాన్ని కదిలించడం నీ వల్ల కాదు, మనిషిని పిలిపించి ప్రెషర్‌తో కొట్టించాలి. వాల్వు మూసి ఉంచు. మూడింట రెండు వంతులు నిండాక ఒక్కసారి లాగు. ముందు బ్లాక్, తర్వాత గ్రే. గ్రే నీళ్ళే గొట్టాన్ని కడిగేస్తాయి. ఖాళీ చేసిన వెంటనే రెండు మూడు గాలన్లు నీళ్ళు టాయిలెట్‌లోంచి పోసి అప్పుడు వాడటం మొదలెట్టాలి, పొడి ట్యాంకులో పడితే అతుక్కుంటుంది.

గోడ మీద లైట్లు వెలిగే సెన్సర్‌ని నమ్మకు. లోపల కాగితం ముక్క అతుక్కుంటే చాలు, ఖాళీ ట్యాంకు కూడా "ఫుల్" అని చూపిస్తుంది.

గోదారోడు
అన్నం తింటూ చదివాను. తప్పు నాదే.

అద్దెకొంప
రాజు గారూ, హెల్త్ ఫాసెట్ పెట్టించుకోవచ్చా అసలు?

రోడ్డుమీద_రాజు
పెట్టుకోవచ్చు. ఆర్వీ టాయిలెట్లకి చేతి స్ప్రేయర్ విడిగా కూడా దొరుకుతుంది. నిజానికి బ్లాక్ ట్యాంకుకి నీళ్ళు ఎక్కువ పడటం మంచిదే, కాగితం తగ్గుతుంది. దాని బదులు తొందరగా నిండుతుంది, అంతే. స్ప్రేయర్ వెనక కట్టే కుళాయి మాత్రం వాడగానే కట్టేయాలి. గొట్టం 24 గంటలూ ప్రెషర్‌లో ఉంటే ఎప్పుడో ఒకప్పుడు ఊడుతుంది, నేల మొత్తం ప్లైవుడ్డు.

ప్రెషర్ అంటే గుర్తొచ్చింది. పార్కు కుళాయి దగ్గర 80, 100 పీఎస్ఐ కూడా వస్తుంటుంది. 45–50కి తగ్గించే ఇత్తడి రెగ్యులేటర్ కుళాయి దగ్గరే బిగించాలి, ట్రైలర్ వైపు కాదు. ట్రైలర్ వైపు పెడితే మధ్యలో గొట్టం పగులుతుంది. ఇంకోటి, బ్లాక్ ట్యాంకు లోపల కడగడానికి పక్కన ఒక నీళ్ళ కనెక్షన్ ఉంటుంది. దానికి గొట్టం పెట్టి, వాల్వు మూసి, ఫోను వస్తే మాట్లాడుతూ వెళ్ళిపోయావనుకో, ట్యాంకు నిండి టాయిలెట్‌లోంచి ఇంట్లోకి, లేదా వెంట్ పైపులోంచి కప్పు మీదికి వస్తుంది.

పోపులపెట్టె
బ్లాక్ ట్యాంకు వాసన గురించే అందరూ భయపడతారు కానీ మన ఇళ్ళల్లో అసలు కంపు గ్రే ట్యాంకుది. బియ్యం కడిగిన నీళ్ళు, పప్పు గిన్నె, పులుసు నూనె, అన్నీ అందులోకే. టెక్సాస్ ఎండకి రెండు రోజుల్లో పులిసిపోతాయి. సింకులో సన్నజల్లెడ పెట్టాలి, గిన్నెలు ముందు పేపరు టవల్‌తో తుడిచేసి తర్వాతే కడగాలి, నూనె ఒక్క చుక్క కూడా పోయకూడదు. బియ్యం నీళ్ళు బకెట్లో పట్టి బయట పోద్దామంటే చాలా పార్కుల్లో గ్రే నీళ్ళు నేల మీద పోయనివ్వరు. కాబట్టి బియ్యం తక్కువ నీళ్ళతో కడగడం నేర్చుకోవాలి.

తాలింపు విషయం. స్టవ్ పైన ఫ్యాన్ ఉంటుంది, దాని గాలి బయటికి పోవడానికి బయట గోడకి ఒక చిన్న ప్లాస్టిక్ మూత ఉంటుంది. ప్రయాణంలో కొట్టుకోకుండా దాన్ని రెండు చిన్న క్లిప్పులతో బిగించి పెడతారు. బయటికెళ్ళి ఆ క్లిప్పులు తిప్పకపోతే ఫ్యాన్ ఎంత తిరిగినా పొగ లోపలే ఉంటుంది. చాలామందికి ఆ మూత ఉన్నట్టే తెలియదు. కొన్ని మోడళ్ళలో అసలు బయటికి పోదు, ఫిల్టర్‌లోంచి తిప్పి మళ్ళీ నీ మొహానే కొడుతుంది. కొనేముందు ఇది చూడు. ఎండుమిరపకాయ వేశావంటే స్మోక్ అలారం ఖాయం, అది పడకకి నాలుగడుగుల దూరంలోనే ఉంటుంది. కప్పు ఫ్యాను బయటికి లాగేలా పెట్టి, ఎదురుగా ఒక్క కిటికీ రెండంగుళాలు తెరిచి అప్పుడు పోపు వేస్తే కొంత నయం.

నైట్_షిఫ్ట్
ఇంగువ వేస్తే పక్క సైటు వాళ్ళు గ్యాస్ లీకని ఫైరింజన్ పిలుస్తారు.

పోపులపెట్టె
నవ్వులాటగా ఉన్నా ప్రొపేన్‌లో కలిపే వాసన కూడా గంధకం జాతిదే. అందుకే ముక్కుని నమ్మకుండా నేల దగ్గర బిగించిన గ్యాస్ డిటెక్టర్‌ని నమ్మాలి. దానికీ ఐదు నుంచి ఏడేళ్ళే ఆయుష్షు. 2021 మోడల్ అంటున్నారుగా, వెనక తారీఖు చూసి మార్చేయండి.

ఓల్ట్_మీటర్
కరెంటు ఎవరూ ఎత్తలేదు. ఆ సైజు ట్రైలర్ 30 ఆంప్స్‌దో 50 ఆంప్స్‌దో ముందు చూడండి. పేర్లు దగ్గరగా ఉన్నా తేడా చాలా ఉంది. 30 అంటే ఒకటే 120 ఓల్టుల లైను, మొత్తం 3,600 వాట్లు. 50 అంటే అలాంటి లైన్లు రెండు, 12,000 వాట్లు. మూడు రెట్లకి పైనే.

30లో మన సంసారం లెక్క:
కప్పు మీది ఏసీ, 13,500 బీటీయూ: 13 ఆంప్స్ చుట్టూ
ఇండక్షన్ స్టవ్ ఫుల్ మీద: 15
మైక్రోవేవ్: 12–13
వాటర్ హీటర్ కరెంటు మీద: 12
ఇన్‌స్టంట్ పాట్: 8–9
గ్రైండర్: 2 లోపే, దాంతో గొడవ లేదు

ఏసీ వేసి ఇండక్షన్ మీద సాంబారు పెట్టి, అవతల ఎవరో మైక్రోవేవ్ నొక్కితే బ్రేకర్ ట్రిప్. వేసవిలో ఏసీ ఆపలేరు. కాబట్టి మిగతావి ఒకటొకటిగా, అదీ అరుచుకుంటూ: "గీజర్ ఆపారా? పాలు వేడి చెయ్యనా?" పెద్దవాళ్ళకి ఇది అర్థమయ్యేలా చెప్పడమే సగం పని.

పార్కు నిండుగా ఉన్న మధ్యాహ్నం ఓల్టేజీ కూడా పడిపోతుంది. 104 కింద నడిస్తే ఏసీ కంప్రెసర్ నెమ్మదిగా చస్తుంది. మామూలు సర్జ్ ప్రొటెక్టర్ దీన్ని ఆపదు. తక్కువ ఓల్టేజీకి కట్ చేసే ఈఎంఎస్ రకం కావాలి.

సోలార్_సుబ్బు
ఇదంతా ఎందుకు, 400 వాట్ల ప్యానెళ్ళు, రెండు లిథియం బ్యాటరీలు పెట్టుకుంటే పార్కు కరెంటే అక్కర్లేదు. ఫ్రీగా బీఎల్ఎమ్ (కేంద్ర ప్రభుత్వ) భూముల్లో ఉండొచ్చు.

ఓల్ట్_మీటర్
సుబ్బు గారూ, లైట్లకి, ల్యాప్‌టాప్‌లకి, ఫ్యాన్లకి మీరన్నది నిజమే. ఏసీకి కాదు. 100 ఆంప్-అవర్ల లిథియం బ్యాటరీ ఒకటి 1.28 యూనిట్లు. రెండు కలిపి రెండున్నర. ఆ ఏసీ నడుస్తుంటే గంటకి యూనిట్టున్నర తింటుంది. కంప్రెసర్ ఆగి ఆగి నడిచినా రాత్రి ఎనిమిది గంటలకి ఏడు యూనిట్లు దాకా పోతుంది. 400 వాట్ల ప్యానెళ్ళు మంచి ఎండలో రోజంతా ఇచ్చేది రెండు యూనిట్లు. మిగతా ఐదు ఎక్కడ తెస్తారు?

సోలార్_సుబ్బు
ప్యానెళ్ళు పెంచుకోవాలి. ఎండ తక్కువ చోటికి, ఎత్తు ప్రాంతాలకి వెళ్తే ఏసీ అక్కర్లేదు కదా. అసలు మజానే అది.

ఓల్ట్_మీటర్
అది ఒప్పుకుంటా. కానీ ఆయన వీడియో మీటింగులు పెట్టుకునే ఉద్యోగస్తుడు, పైగా చెట్ల నీడలో ప్యానెళ్ళు పనిచేయవు, స్టార్‌లింక్ శాటిలైట్ నెట్ కూడా ఆకాశం కనబడకపోతే నిమిషానికోసారి తెగుతుంది. ఏసీ కోసం నీడ వెతుక్కుంటే నెట్ పోతుంది, నెట్ కోసం ఎండలోకొస్తే ఏసీ చాలదు. బీఎల్ఎమ్ భూముల్లోనూ ఒకే చోట సాధారణంగా 14 రోజులే.

నల్గొండ_నర్సి
అన్నా, జర ట్రక్కు సంగతి చూసినవా లేదా? డీలర్ "11,000 పౌండ్లు గుంజుతది" అంటడు. ఆ నంబర్ పక్కన వెట్టు. డ్రైవర్ డోర్ తీస్తే పసుపు, తెలుపు స్టిక్కర్ ఉంటది, అందులున్న పేలోడ్ (ట్రక్కు తన మీద మొయ్యగల బరువు) సూడు. హాఫ్ టన్ ట్రక్కులల్ల చానా మట్టుకు 1,500 దగ్గర ఉంటది.

ఇగ లెక్క. ట్రైలర్ ఖాళీ బరువు 6,200 అని రాస్తరు. నీళ్ళు, సామాను, గ్యాస్, బ్యాటరీ పడ్డంక 7,500 అయితది. నిండు నీళ్ళ ట్యాంకే 330 పౌండ్లు. అందుల 13 శాతం ట్రక్కు మీద, అంటే హిచ్ (ట్రైలర్ తగిలించే కొక్కెం) మీద పడాలె. 975. వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ ఇంకో 100. మిగిలింది 425. నువ్వు, మీ ఇంటామె, పాప, కార్ సీటు కలిపి 375 వేసుకో. మిగిలింది 50. అత్తమామల్ని ఏడ కూసోవెడ్తవ్?

గోదారోడు
ట్రైలర్లో కూర్చోబెట్టేస్తే పోలా.

నల్గొండ_నర్సి
పోదు. ట్రైలర్ గుంజేటప్పుడు అందుల మనుషులు ఉండొద్దు. బెల్టులు ఉండయ్, గుద్దుకుంటే గోడలు చెక్కలయితయ్. అందుకే 3/4 టన్ ట్రక్కు కొనాల్సొస్తది, ఆ ఖర్చు ఎవ్వరూ ముందు లెక్కేయరు. హిచ్ మీద పది శాతం కన్న తక్కువ పడేటట్టు సామాను ఎనకకు జరిపితే ఇంకా డేంజర్, 60 మైళ్ళ స్పీడుల తోక ఊపుతది. ఏం చేసినా ఒక్కసారి ట్రక్ స్టాప్‌ల కాటా మీద తూకం ఏయించు, కాగితం చేతిలకొస్తది.

చికాగో_చలి
ఇదంతా ట్రైలర్ గొడవ. క్లాస్ సీ మోటర్‌హోమ్ (ఇంజనూ ఇల్లూ ఒకే బండిలో ఉండేది) తీసుకుంటే సీట్లు, బెల్టులు లోపలే ఉంటాయిగా?

నల్గొండ_నర్సి
ఉంటయ్, కానీ డైనెట్ (తినే బల్ల) సీట్లు చానావరకు పక్కకో ఎనకకో తిరిగుంటయ్. పాప కార్ సీటు ముందుకు తిరిగిన సీటుకే కట్టాలె. ఇంకోటి, ఇంజను షెడ్డుకు పోతే ఇల్లు గూడ షెడ్డుకే పోతది. కూరగాయలకు పోవాలన్నా కరెంటు, నీళ్ళు, సీవర్ అన్ని పీకి ఇల్లు మొత్తం తోలుకపోవాలె. లేకుంటే ఎనక కారు గుంజాలె.

కడప_కారం
2021 మోడల్ అన్నారుగా. ఆ ఏడాది అమెరికాలో 6 లక్షలకి పైగా ఆర్వీలు ఫ్యాక్టరీల్లోంచి బయటికొచ్చాయి, రికార్డు. అంత తొందరలో స్క్రూ పడాల్సిన చోట పిన్ను, సీలెంట్ పడాల్సిన చోట దేవుడి దయ పడుంటుంది. ఇవి చూడకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు:

నిచ్చెనేసి కప్పెక్కండి. ఏసీ, వెంట్లు, స్కైలైట్ చుట్టూ ఉన్న సీలెంట్ పగిలిందా, లేచిందా చూడండి. దాన్ని మూడు నెలలకోసారి చూసుకోవాల్సిందే. పగుళ్ళకి కప్పు రబ్బరుకి సరిపడే ల్యాప్ సీలెంట్ మాత్రమే వాడాలి. ఎవరైనా హార్డ్‌వేర్ షాపు సిలికాన్ పూసుంటే అక్కడ పాత లీకు ఉన్నట్టే, దానిమీద ఇంకేదీ అంటుకోదు, మొత్తం గీకాలి.

లోపల మూలల్లో, కిటికీ కింద, స్లైడ్ అవుట్ (ఆగినప్పుడు బయటికి జరిపే గది భాగం) అంచుల్లో బొటనవేలితో గట్టిగా నొక్కండి. మెత్తగా దిగితే లోపల చెక్క కుళ్ళింది. బయట గోడ మీద ఎండ ఏటవాలుగా పడేటప్పుడు పక్కనించి చూడండి, బుడగలా ఉబ్బితే ఫైబర్‌గ్లాస్ ఊడిపోతోంది. దాన్ని బాగుచేయించడం కన్నా బండి వదిలేయడం చవక.

స్లైడ్‌ని మూడుసార్లు బయటికి, లోపలికి నడిపించండి. రెండు వైపులా ఒకేసారి కదలాలి. ఒక వైపు వెనకబడితే గేర్లు అరుగుతున్నాయి. స్లైడ్ సగంలో ఇరుక్కుంటే బండి కదలదు, రేపు ఖాళీ చేయాల్సిన సైటులో అదీ పరిస్థితి. చేత్తో లోపలికి లాగే పద్ధతి ఏంటో, దాని చిన్న మోటారు ఎక్కడుందో కొనేరోజే అడగండి.

టైర్ల పక్కన డాట్ నంబరు చివరి నాలుగంకెలు చూడండి. 2321 అంటే 2021లో 23వ వారం. ట్రైలర్ టైర్లు అరగకపోయినా ఐదారేళ్ళకే మార్చాలి. పేలితే టైరుతో పోదు, కింద గ్యాసు పైపు, వైర్లు, నేల కూడా చీల్చుకుంటూ పోతుంది.

అద్దెకొంప
అమ్మేవాళ్ళు "టైర్లు కొత్తగానే ఉన్నాయి" అన్నారు. ఫొటో చూస్తే 0921. వారంటీ ఏమైనా మిగిలుంటుందా?

కడప_కారం
ఇంటి భాగానికి మామూలుగా ఏడాదే, అదీ మొదటి ఓనరుకే ఎక్కువసార్లు. పైగా కారులాగ లెమన్ లా (లోపాలున్న బండి అంటగడితే కొన్నవాళ్ళని కాపాడే చట్టం) కాపాడుతుందనుకోకండి, చాలా రాష్ట్రాల్లో ఆర్వీలో నివాస భాగాన్ని ఆ చట్టం నుంచి తప్పించారు. షెడ్డులో ఇస్తే వారాలు, సీజన్లో నెలలు. ఆ నెలల్లో మీరు ఐదుగురూ హోటల్లో. ఆ ఖర్చుకి విడిగా డబ్బులు పెట్టుకోకుండా దిగొద్దు.

నైట్_షిఫ్ట్
అద్దె తప్పించుకోడానికి ఇల్లు కొని, ఇంటికి ట్రక్కు కొని, ఇల్లు రిపేరుకిచ్చి హోటల్‌కి అద్దె కట్టడం.

చికాగో_చలి
సెప్టెంబర్ నుంచి ఆరు నెలలు అంటే చలికాలం మొత్తం అందులోనే. డాలస్‌లో చలేంటి అనుకోకండి, 2021 ఫిబ్రవరి మంచు తుఫాను గుర్తుందిగా.

ఫర్నేస్ (ఇల్లు వెచ్చబెట్టే గ్యాస్ హీటర్) 30,000 బీటీయూ. 20 పౌండ్ల గ్యాస్ సిలిండర్‌లో ఉండేది 4,30,000 దాకా. ఆగకుండా నడిస్తే 14 గంటలు. సగం సేపే నడిచినా రోజున్నర లోపు ఒక సిలిండర్. తెల్లవారుజామున మూడింటికి అయిపోవడం దాని ఆనవాయితీ, కాబట్టి రెండు సిలిండర్ల మధ్య తనంతట తనే మారే రెగ్యులేటర్ ఉందా చూసుకోండి.

గ్యాసు ఖర్చెందుకని కరెంటు హీటర్ పెట్టుకుంటారు. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. కింద ట్యాంకుల అరకి వేడి వెళ్ళేది ఫర్నేస్ గొట్టాల్లోంచే. హీటర్‌తో గది వెచ్చగా ఉంటే థర్మోస్టాట్ ఫర్నేస్‌ని ఆన్ చేయదు, కింద పైపులు గడ్డకట్టి పగులుతాయి. మీకు తెలిసేది ఎండొచ్చి కరిగాక, నీళ్ళు కారుతుంటే. గడ్డకట్టే రాత్రుల్లో హీటర్ ఉన్నా సరే ఫర్నేస్ కూడా నడవాలి. బయట నీళ్ళ గొట్టం విప్పేసి, లోపలి ట్యాంకు నింపుకుని పంపుతో వాడుకోవడం మేలు. సీవర్ గొట్టానికి వాలు ఉండాలి, నీళ్ళు నిలిస్తే అది కూడా గడ్డే.

ఇంకోటి చెమ్మ. ఒక గాలన్ ప్రొపేన్ స్టవ్ మీద మండితే ముప్పావు గాలన్ పైగా నీటి ఆవిరి అవుతుంది. దానికి ఐదుగురి ఊపిరి, స్నానాలు, కుక్కర్ విజిళ్ళు. గోడలు పల్చన, అల్యూమినియం కిటికీ చల్లన. పొద్దున్న లేస్తే పరుపు కింద తడి, నెలకి నల్లబూజు. పరుపు కింద గాలాడే చాప, ఒక డీహ్యుమిడిఫయర్, కప్పు ఫ్యాన్ రోజూ కాసేపు. డీహ్యుమిడిఫయర్‌కి కూడా నాలుగైదు ఆంప్స్, ఓల్ట్_మీటర్ గారి లిస్టులో కలుపుకోండి.

పోపులపెట్టె
చలికాలంలో దోసెల పిండి పులవదు కూడా. వాటర్ హీటర్ ఉన్న అరలో పెడితే పులుస్తుంది. ఇది లాభం కింద రాసుకోండి.

స్నానాల మాటొచ్చింది కాబట్టి, ఆ హీటర్ ఆరు గాలన్లదే ఎక్కువ బండ్లలో. షవర్ కింద ఇద్దరు వరసగా నిలబడితే రెండోవాళ్ళకి చన్నీళ్ళే, మళ్ళీ కాగడానికి అరగంట. బకెట్, చెంబు పెడితే మనిషికి మూడు గాలన్లలో ముగుస్తుంది. ట్యాంకులో నీళ్ళు లేకుండా కరెంటు ఎలిమెంట్ స్విచ్ నొక్కితే మాత్రం క్షణాల్లో కాలిపోతుంది.

వీసా_గుమస్తా
అందరూ బండి గురించే చెప్తున్నారు. నెలకో ఊరు అన్నారు కదా, మీది హెచ్1బీనా? అయితే ముందు ఇది చదవండి.

హెచ్1బీ ఉద్యోగం ఎల్సీఏలో (కంపెనీ లేబర్ శాఖకి ఇచ్చే దరఖాస్తు) రాసిన చోటుకి కట్టుబడి ఉంటుంది. రిమోట్ అయితే మీ ఇల్లే ఆ చోటు. అదే మెట్రో ప్రాంతంలో మారితే కొత్త చోట ఎల్సీఏ నోటీసు పెట్టడంతో సరిపోతుంది. దాటి వేరే ప్రాంతం నుంచి పని చేయాలంటే అక్కడికి వెళ్ళకముందే కంపెనీ హెచ్1బీ పిటిషన్‌కి అమెండ్‌మెంట్ వేయాలి. 2015లో సిమియో కేసు తీర్పు నుంచి ఇది స్పష్టంగా ఉంది. తాత్కాలికంగా ఏడాదికి 30 పనిదినాలు, సొంత చోట ఆఫీసూ ఇల్లూ అట్టేపెట్టుకుంటే 60 వరకు వేరే చోట పనిచేసే వీలుంది, కానీ దానికి షరతులున్నాయి, పైగా మీరు ఇల్లే వదిలేస్తున్నారు. నెలకో ఊరికి నెలకో పిటిషన్ ఏ కంపెనీ వేయదు.

అడ్రస్ మారిన పది రోజుల్లో ఏఆర్-11 (ఇమిగ్రేషన్ వాళ్ళకి అడ్రస్ మార్పు చెప్పే ఫారం) కూడా వేయాలి. ఉత్తరాలు దారి మళ్ళించే సర్వీసుల అడ్రస్ సౌత్ డకోటాలోనో ఫ్లోరిడాలోనో పెట్టుకోమని వీడియోల్లో చెప్తారు, అది సిటిజన్లకి నడిచే సలహా. మీరు నిజంగా ఉంటున్న చోటు చెప్పాలి. మీ ఆవిడ హెచ్4 ఈఏడీ (డిపెండెంటు వర్క్ పర్మిట్) మీద ఉంటే ఆమెకి ఎల్సీఏ గొడవ లేదు. ఏదైనా సరే, కంపెనీ లాయర్‌ని ఈమెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి.

అద్దెకొంప
హెచ్1బీనే. ఈ కోణం అస్సలు తట్టలేదు. అయితే డాలస్ చుట్టుపక్కల ఒకే పార్కులో నెలవారీగా ఉండి, సెలవుల్లో మాత్రం తిరిగితే?

వీసా_గుమస్తా
సెలవు పెట్టి తిరిగితే ఎల్సీఏకి సంబంధం లేదు. లాప్‌టాప్ తెరిస్తేనే.

రోడ్డుమీద_రాజు
నెలవారీ సైటు తీసుకుంటే చాలా పార్కుల్లో కరెంటు మీటరు విడిగా ఉంటుంది, ఆగస్టు బిల్లు అడిగి చూసుకో. బండి వయసు పదేళ్ళు దాటితే కొన్నిచోట్ల రానివ్వరు. ఒక సైటుకి ఎంతమంది అన్న లెక్క కూడా ఉంటుంది, నలుగురు దాటితే అదనం. ఇన్సూరెన్స్ "ఫుల్ టైమర్" రకం తీసుకో. మామూలు పాలసీ సరదాకి వాడే బండికి, అందులో కాపురం ఉంటున్నావని తెలిస్తే క్లెయిమ్ దగ్గర పేచీ. స్నేహితుల డ్రైవ్‌వేలో పెట్టుకుందాం అనుకుంటే ఫ్రిస్కో వైపు చాలా హెచ్ఓఏలు (కాలనీ ఓనర్ల సంఘాలు) ఒకట్రెండు రోజులు దాటనివ్వవు.

కడప_కారం
సెలవుల తిరుగుడికీ కొన్ని చెప్పాలి. గ్లేసియర్ నేషనల్ పార్కులో గోయింగ్ టు ది సన్ రోడ్డు మీద అవలాంచ్ నుంచి రైజింగ్ సన్ మధ్య 21 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు దాటిన బండిని వదలరు. ట్రక్కు, ట్రైలర్ కలిపి కొలుస్తారు. జయన్ నేషనల్ పార్కు టన్నెల్ 1930 నాటిది. 11 అడుగుల 4 అంగుళాల ఎత్తు, లేదా 7 అడుగుల 10 అంగుళాల వెడల్పు దాటితే ఇన్నాళ్ళూ పర్మిట్ తీసుకుని వెళ్ళేవాళ్ళు. 2026 మధ్య నుంచి పెద్ద బండ్లకి ఆ దారే లేదని పార్కువాళ్ళు ప్రకటించారు. బాల్టిమోర్ హార్బర్ టన్నెల్, ఫోర్ట్ మెక్‌హెన్రీ టన్నెల్ రెండింట్లోనూ ప్రొపేన్ సిలిండర్లతో వెళ్ళనివ్వరు. వాటికి బదులుగా వాడే కీ బ్రిడ్జి 2024 మార్చిలో కూలిపోయింది, ఇప్పుడు 695 హైవే మీద పడమటి వైపు చుట్టు తిరగాల్సిందే.

కారు జీపీఎస్‌కి ఇవేవీ తెలియవు. ఎత్తు, పొడవు, గ్యాస్ ఉందా లేదా అని అడిగే ఆర్వీ జీపీఎస్ వేరే ఉంటుంది. మీ ఎత్తు బ్రోషర్‌లోది కాదు, ఏసీ మీదనించి టేపుతో కొలిచింది డ్యాష్‌బోర్డు మీద రాసి అంటించండి.

యోసెమిటీ, గ్లేసియర్ లోపలి క్యాంపుల్లో కరెంటు, నీళ్ళ కనెక్షన్లు లేవు. ఎల్లోస్టోన్‌లో ఫిషింగ్ బ్రిడ్జ్ ఒక్కచోటే ఉన్నాయి. బుకింగు నెలల ముందు, తెరిచిన నిమిషాల్లో అయిపోతుంది. జనరేటర్ ఉన్నా రాత్రి ఆపేయాలి.

గోదారోడు
ఇంత చదివాక ఒక డౌటు. అద్దెకి తీసుకుని వారం చూస్తే తెలిసిపోదా?

పోపులపెట్టె
తెలుస్తుంది, కానీ అద్దె కాగితం సరిగ్గా చదవాలి. రోజు రేటు పైన మైళ్ళకి విడిగా, జనరేటర్ గంటలకి విడిగా, గిన్నెలూ దుప్పట్ల కిట్టు విడిగా, ట్యాంకు ఖాళీ చేయకుండా ఇస్తే జరిమానా. అత్తమామలు వచ్చాక కాదు, రాకముందే ఆగస్టులో ఒక వారం తీసుకోండి. డాలస్ ఎండలో. రోజూ వంట చేయాలి, ఇద్దరూ మీటింగుల్లో ఉండాలి, పాప లోపల ఉండాలి. పెద్దవాళ్ళ కోసం చూడాల్సింది మెట్లు. మడిచే మెట్లు మూడో నాలుగో, ఎత్తుగా, ఊగుతూ ఉంటాయి. రాత్రి బాత్రూముకి లేస్తే అందరినీ దాటుకుంటూ వెళ్ళాలి. టాయిలెట్ గదిలో మోకాళ్ళు తలుపుకి తగులుతాయి. మోకాళ్ళ నొప్పులున్న మనిషికి అక్కడ ఆరు నెలలు కష్టం.

అద్దెకొంప
ఆగస్టులో వారం అద్దెకి చూద్దామని మా ఆవిడ ఒప్పుకుంది. లీజు ఫిబ్రవరి దాకా పొడిగించమని అడుగుతున్నాం, అత్తయ్యగారు వాళ్ళు అపార్ట్‌మెంటులోనే. ఆ ట్రైలర్ వద్దనుకున్నాం, నర్సి అన్న లెక్క మా స్టిక్కర్ మీద వేస్తే ఇంకా తక్కువొచ్చింది, పేలోడ్ 1,420.

ఒకటే ప్రశ్న. తర్వాతెప్పుడైనా చిన్నది కొంటే మా అన్నయ్య వాళ్ళింట్లో ఒకట్రెండు రోజులు పెట్టుకునేటప్పుడు గ్యారేజీలో 30 ఆంప్స్ సాకెట్ పెట్టించుకోవచ్చా?

ఓల్ట్_మీటర్
పెట్టించుకోవచ్చు, కానీ ఎలక్ట్రీషియన్ పక్కన నిలబడి చూడండి. మూడు కాళ్ళ 30 ఆంప్స్ సాకెట్ అనగానే బట్టల డ్రయ్యర్‌ది అనుకుని 240 ఓల్టులు కలిపేస్తుంటారు. ఆర్వీది టీటీ-30, దానికి 120 ఓల్టులు, సింగిల్ పోల్ బ్రేకర్. 240 ఇస్తే టీవీ, మైక్రోవేవ్, కన్వర్టర్ అన్నీ ఒకేసారి పోతాయి. ప్లగ్గు పెట్టేముందు మల్టీమీటర్‌తో హాట్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 120, హాట్‌కీ గ్రౌండ్‌కీ మధ్య 120, న్యూట్రల్‌కీ గ్రౌండ్‌కీ మధ్య సున్నా రావాలి. వైరు 10 గేజ్. 50 అడుగులు దాటితే 8 గేజ్ లాగించండి, లేకపోతే ఏసీ స్టార్ట్ అయినప్పుడల్లా ఓల్టేజీ పడుతుంది.

నల్గొండ_నర్సి
1,420 అయితే 5,000 పౌండ్ల లోపు ట్రైలరే చూడన్నా. జీవీడబ్ల్యూఆర్ (సామానుతో కలిపి ఉండాల్సిన గరిష్ఠ బరువు) 5,000, ఖాళీ బరువు కాదు.